ఆన్‌లైన్ తరగతికి ఒక గోడ: పిల్లలు తలెత్తి చూసే పోస్టర్లు ఎలా చేసుకోవాలి

జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు హనుమకొండలో మా ఇంటి వెనక గదిలో కూర్చుని, ప్రతి శనివారం రాత్రి డాలస్ దగ్గర ఉండే తొమ్మిది మంది పిల్లలకు తెలుగు చెబుతున్నాను. వాళ్లలో ఒకతె నా మనవరాలు. మిగతావాళ్లు దాని స్నేహితులు, ఆ వీధి పిల్లలు. అందరికీ ఏడు నుంచి పదేళ్ల లోపు వయసు. తెలుగు వింటే అర్థమవుతుంది, మాట్లాడతారు కూడా. చదవడం, రాయడం రాదు.

మొదటి నెల తెల్లటి స్క్రీన్ మీద ఒక్కో అక్షరం చూపిస్తూ చెప్పాను. ఏదో లోటుగా ఉండేది. అదేమిటో ఒకరోజు తెలిసింది. ఒక బాబు 'ధనం' అని రాస్తూ సగంలో ఆగి, పెన్సిల్ పట్టుకునే తలెత్తి పైకి చూశాడు. అక్కడ చూడటానికి ఏమీ లేదు. మళ్లీ తల దించుకుని 'దనం' అని రాశాడు. మా బడిలో పిల్లలు అనుమానం వస్తే కిటికీ పక్కన ఉన్న చార్టు వైపు చూసేవాళ్లు. నన్ను అడిగే పని లేకుండా, పక్కవాడి పలక చూడకుండా, తమంతట తామే సరిచేసుకునేవాళ్లు. మైదా జిగురుతో అంటించిన ఆ డ్రాయింగ్ షీటు చేసే పని నేను అంతవరకు గుర్తించలేదు. ఈ పిల్లలకు ఆ గోడ లేదు. అది కట్టివ్వాలి అనుకున్నాను.

కాబట్టి నేను చెప్పబోయేది తరగతిని అందంగా కనిపించేలా చేయడం గురించి కాదు. అందం ఉంటే సంతోషమే. కానీ రాస్తూ ఆగిన పిల్ల తలెత్తితే దానికి జవాబు దొరకాలి. గోడ మీద ఏది ఉండాలి, ఏది తీసేయాలి అన్నదానికి నేను పెట్టుకున్న పరీక్ష అదొక్కటే.

ముందు గోడ

నేను వాడేది గూగుల్ స్లైడ్స్. జీమెయిల్ ఉంటే చాలు, డబ్బు కట్టక్కర్లేదు. పవర్‌పాయింట్ అలవాటు ఉన్నవాళ్లు ఇవే పనులు కొద్ది తేడాతో అందులోనూ చేసుకోవచ్చు. తయారు చేయడం మాత్రం కంప్యూటర్ మీదే చేయండి. ఫోన్‌లో లింకులు పెట్టడం, బొమ్మల వరస మార్చడం చాలా విసుగు.

తరగతి గది బొమ్మలు ఇంటర్నెట్‌లో బోలెడు దొరుకుతాయి. రంగురంగుల బీరువాలు, కార్పెట్టు, గ్లోబు. మా పిల్లలు రోజూ వెళ్లే బడి అలాగే ఉంటుంది. వాళ్లకు నేను కొత్త చోటు చూపించాలి కదా. అందుకని మా వరండా గోడనే ఫొటో తీశాను. పైన సున్నం, కింద జానెడు ఎత్తున జాజు పట్టీ, ఒక పక్క దర్వాజ, దానికి మామిడాకుల తోరణం. తోరణం ఫొటోకి ముందే కట్టాను. తర్వాత కంప్యూటర్‌లో విడిగా అతికించాలంటే వెనక రంగు తీసేయడం పెద్ద పని.

పొద్దున పదింటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా తీయండి. ఫోన్ అడ్డంగా, గుండె ఎత్తులో పట్టుకుని గోడకు సరిగ్గా ఎదురుగా నిలబడాలి. పక్కకు జరిగితే గోడ ఏటవాలుగా వస్తుంది, దాని మీద పెట్టిన పోస్టర్లు గాలిలో తేలుతున్నట్టు ఉంటాయి. ఫొటోలో పైనున్న రెండు వంతులు ఖాళీ గోడ, కిందొక వంతు నేల వచ్చేలా చూసుకోండి. మేము నేల మీద చిన్న ముగ్గు కూడా వేశాం. ఆ ఫొటోను ఫోన్‌లోనే 16:9 కొలతకు కత్తిరించండి. స్లైడు మామూలుగా ఉండే కొలత అదే.

ఇప్పుడు స్లైడ్ మెనూలో 'చేంజ్ బ్యాక్‌గ్రౌండ్' నొక్కి, 'చూజ్ ఇమేజ్' దగ్గర ఈ ఫొటో ఎక్కించండి. 'ఇన్సర్ట్' నుంచి పెట్టకండి. ఇన్సర్ట్ చేసిన బొమ్మ మీరు పోస్టర్లు సర్దుతున్న ప్రతిసారీ చేతికి తగిలి కదిలిపోతుంది. బ్యాక్‌గ్రౌండ్‌గా పెట్టినది కదలదు.

గోడ మధ్యలో స్లైడు వెడల్పులో సగానికి కొంచెం తక్కువగా ఒక నల్లటి దీర్ఘచతురస్రం గీయండి. అది నల్లబల్ల. ఇది చాలా ముఖ్యం. పాఠం ఒక స్క్రీన్ మీద, గోడ ఇంకో స్క్రీన్ మీద ఉంటే గోడ ఉండి లాభం లేదు. పాఠం చెబుతున్నంతసేపూ గోడ కనిపిస్తూ ఉండాలి. అందుకే నేను ఈ స్లైడునే కంట్రోల్, డి నొక్కి ఇరవై కాపీలు చేసుకుంటాను. ప్రతి కాపీలో నల్లబల్ల మీద ఆ పాఠంలోని ఒక మాట తెల్లటి అక్షరాలతో ఉంటుంది. మాట మారుతుంది, గోడ మారదు.

ఎన్ని పోస్టర్లు

నా మొదటి గోడ మీద 14 ఉన్నాయి. నెలలు, ఋతువులు, పండ్లు, పక్షులు, వరసలు, కూరగాయలు, చివరికి తిథులు కూడా. వారం రోజులు రాత్రిళ్లు కూర్చుని చేశాను. తీరా తరగతి మొదలయ్యాక పిల్లలు రామచిలక గురించి, సీతాఫలం గురించి తప్ప ఇంక దేని గురించీ మాట్లాడలేదు. ఒక్కరు కూడా గుణింతం వైపు చూడలేదు.

ఆ రోజు మా అమ్మాయి ఒక పరిశోధన గురించి చెప్పింది. పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వాళ్లు 2014లో ప్రచురించినది. కిండర్‌గార్టెన్ పిల్లలకు కొన్ని సైన్స్ పాఠాలు గోడలనిండా బొమ్మలున్న గదిలో, కొన్ని ఖాళీ గోడలున్న గదిలో చెప్పారు. బొమ్మలున్న గదిలో పిల్లల దృష్టి 38.6 శాతం సమయం పాఠం మీద లేదు. ఖాళీ గదిలో అది 28.4 శాతం. పాఠం తర్వాత పెట్టిన పరీక్షలో కూడా ఖాళీ గదిలో విన్న పాఠాలకే ఎక్కువ సరైన జవాబులు వచ్చాయి. అది చిన్న తరగతి మీద చేసిన పరిశోధనే. కానీ నా తొమ్మిది మందిలో నేను చూసింది కూడా అదే.

ఆ రాత్రే పది తీసేశాను. ఇప్పుడు నాలుగే. నల్లబల్లకు ఎడమవైపు గుణింతం. కుడివైపు పైన ఆ నెల పిల్లలు తికమక పడుతున్న అక్షరాలు. దాని కింద పిల్లలు చేసినది. దర్వాజ పైన గడియారాలు. ఈ చోట్లు ఎప్పుడూ మారవు. గుణింతం అంటే ఎడమవైపు అని కంటికి అలవాటు కావాలి. వారానికోసారి మార్చి మార్చి పెడితే పిల్లలు పోస్టర్‌ని వెతుక్కోవాలి, వెతికేలోపు మనసులో ఉన్న మాట పోతుంది.

పోస్టర్ తయారీ

పోస్టర్లను వేరే ఫైలులో చేయండి. గది ఫైలు అడ్డంగా ఉంటుంది, పోస్టర్ నిలువుగా కావాలి. ఒక ఫైలులో స్లైడులన్నిటికీ ఒకే కొలత. కొత్త ఫైలు తెరిచి, ఫైల్ మెనూలో 'పేజ్ సెటప్', అందులో 'కస్టమ్' ఎంచుకుని 42, 59.4 సెంటీమీటర్లు ఇవ్వండి. ఇది ఏ4 కాగితానికి పొడవులోనూ వెడల్పులోనూ రెండింతలు. పేజీ పెద్దగా ఉంటే డౌన్‌లోడ్ చేసుకున్న బొమ్మలో అక్షరాలు తేటగా వస్తాయి. పోస్టర్ పూర్తయ్యాక ఫైల్, డౌన్‌లోడ్, పీఎన్‌జీ ఇమేజ్. దాన్ని గది ఫైలులోకి ఇన్సర్ట్ చేసుకోవాలి.

అక్షరాల సంగతి కొంచెం వివరంగా చెబుతాను, తెలుగు పోస్టర్లు ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే. ఫాంట్ల జాబితాలో 'మోర్ ఫాంట్స్' నొక్కి, స్క్రిప్ట్స్ దగ్గర తెలుగు ఎంచుకుంటే చాలా ఫాంట్లు కనిపిస్తాయి. శీర్షికకు నేను రామభద్ర వాడతాను, లావుగా, దూరానికి కనిపిస్తుంది. లోపలి మాటలకు మండలి లేదా నోటో శాన్స్ తెలుగు. గిడుగు, సురవరం, తెనాలి రామకృష్ణ లాంటి పేర్లతో అందమైన ఫాంట్లు చాలా ఉన్నాయి. కానీ అప్పుడే అక్షరం నేర్చుకుంటున్న పిల్లకు తలకట్టు ఎక్కడ మొదలైందో, కొమ్ము ఎటు తిరిగిందో కనిపించడమే అందం. ఒక గోడ మీద రెండు ఫాంట్లకు మించి వద్దు. ఒకే అక్షరం నాలుగు రూపాల్లో కనిపిస్తే నాలుగు అక్షరాలనుకుంటారు.

వత్తులు కింద వేలాడతాయి కాబట్టి లైన్ల మధ్య ఖాళీ 1.5 పెట్టండి. లేకపోతే పై వరస వత్తు వచ్చి కింది వరస గుడికి తగులుతుంది. ఇటాలిక్ ఎప్పుడూ వాడకండి. తెలుగు అక్షరాన్ని పక్కకు వంచితే గుండ్రదనం పోతుంది.

నేను మొదట ఒక పోస్టర్ల యాప్‌లో చేశాను. 'అమ్మమ్మ' అని కొడితే వత్తు విడిపోయి పక్కన పొల్లుతో వచ్చింది. చూసుకోకుండా పెట్టేశాను. మనవరాలు దాన్ని అలాగే నోట్‌బుక్‌లో దించింది. అప్పటినుంచి ఏ యాప్ అయినా సరే, ముందు 'లక్ష్మి, స్త్రీ, జ్ఞానం, రాష్ట్రం' అనే నాలుగు మాటలు కొట్టి చూస్తాను. ఈ నాలుగూ సరిగ్గా వస్తే మిగతావీ వస్తాయి. డీటీపీ సెంటర్‌లో యూనికోడ్ కాని పాత ఫాంట్లలో కొట్టించిన మేటర్ మీ దగ్గర ఉంటే అది నేరుగా అతికించినా పనికిరాదు, ఇంగ్లిష్ అక్షరాల కలగాపులగంగా కనిపిస్తుంది. మళ్లీ టైపు చేసుకోవాల్సిందే.

ఇంకో మాట. ప్రతి పోస్టర్ రెండు రకాలుగా చేయాలి. గోడ మీద కనిపించేది ఫోన్‌లో చూస్తే తపాలా బిళ్ల అంత ఉంటుంది. అందులో గుణింతం మొత్తం ఇరికిస్తే ఎవరికీ కనబడదు. గోడ మీది దానిలో క, కా, కి, కీ, కు, కూ అని ఆరే అక్షరాలు పెద్దగా పెట్టాను. దాన్ని నొక్కితే తెరుచుకునే పెద్ద పోస్టర్‌లో తలకట్టు, దీర్ఘం, గుడి, గుడిదీర్ఘం, కొమ్ము అంటూ గుర్తుల పేర్లతో సహా అన్నీ ఉంటాయి. గుర్తు మాత్రమే ఎరుపు, అక్షరం నలుపు. తెల్ల కాగితం మీద పసుపు, లేత ఆకుపచ్చ అక్షరాలు వాడకండి, ఎండ పడే గదిలో ఫోన్ చూస్తున్న పిల్లకు అవి మాయమవుతాయి.

తికమక పోస్టర్‌లో ఒక్క తేడానే చూపించాలి. నా మొదటిది ద, ధ, థ. మూడూ ఒకే వరసలో పెద్దగా రాశాను. ధ కింద ఉండే చిన్న గీత ఎరుపు. థ కింద గీత, పొట్టలో చుక్క రెండూ ఎరుపు. ఒక్కోదాని కింద ఒక్క మాట: దండ, ధనం, రథం. బొమ్మలు కూడా మూడే. ఇంకేమీ లేదు. అది పెట్టిన మూడో వారం మనవరాలు రాస్తూ ఆగి అడిగింది, "అమ్మమ్మా, గోడ మీద చూసి రాస్తే తప్పా?" అని. "చూసే రాయి బిడ్డా, గోడ ఉన్నది అందుకే" అన్నాను. కాపీ కొట్టడం తప్పని వాళ్ల మనసులో ఉంటుంది. గోడని చూడటం తప్పు కాదని మొదటిరోజే అందరికీ చెప్పండి. ఈ ఒక్క మాట చెప్పకపోతే ఎంత మంచి పోస్టరైనా వృథా.

నొక్కితే తెరుచుకోవడం, వినిపించడం

పిల్లలకు ఇచ్చే ఫైలు, నేను పాఠం చెప్పే ఫైలు వేర్వేరు. పిల్లల ఫైలులో ఒకే గది, దాని వెనక పెద్ద పోస్టర్లు ఒక్కోటి ఒక్కో స్లైడులో. గోడ మీది పోస్టర్‌ని ఎంచుకుని కంట్రోల్, కె నొక్కండి. 'స్లైడ్స్ ఇన్ దిస్ ప్రెజెంటేషన్' అని వస్తుంది, అందులో ఏ స్లైడు తెరవాలో చూపండి. పెద్ద పోస్టర్ మూలలో చిన్న తోరణం బొమ్మ పెట్టి దాన్ని మొదటి స్లైడుకు లింక్ చేశాను. తోరణం నొక్కితే గదిలోకి తిరిగి వస్తారు.

ఇక్కడ ఒక చిక్కుంది. స్లైడ్‌షోలో లింకు లేని చోట ఎక్కడ నొక్కినా తర్వాతి స్లైడుకు వెళ్లిపోతుంది. చిన్న పిల్లలు గోడనంతా నొక్కుతారు. దీనికి ఒక ఉపాయం. గది మొత్తం కప్పేలా ఒక దీర్ఘచతురస్రం గీసి, రంగు, అంచు రెండూ 'ట్రాన్స్‌పరెంట్' చేయండి. దాన్ని అదే స్లైడుకు లింక్ చేయండి. తర్వాత పోస్టర్లన్నీ ఎంచుకుని 'అరేంజ్'లో 'బ్రింగ్ టు ఫ్రంట్' ఇవ్వండి. ఇప్పుడు ఖాళీ గోడ నొక్కితే ఏమీ జరగదు, పోస్టర్ నొక్కితేనే తెరుచుకుంటుంది.

నా పాఠం ఫైలులో ఈ లింకులేవీ పెట్టను. ఏదైనా పెద్ద పోస్టర్ చూపాలంటే ఆ స్లైడు నంబరు కొట్టి ఎంటర్ నొక్కుతాను. మళ్లీ పాఠం నంబరు కొట్టి వెనక్కి వస్తాను. నంబర్లు ఒక చీటీ మీద రాసి కీబోర్డు పక్కన పెట్టుకుంటే చాలు.

గొంతు కూడా పెట్టొచ్చు. ద, ధ, థ పలికి రికార్డు చేసి, గూగుల్ డ్రైవ్‌లో ఎక్కించి, ఇన్సర్ట్, ఆడియో. ఎంపీ3 గానీ వేవ్ గానీ ఉండాలి. ఫోన్ రికార్డరు వేరే రకంలో దాచితే మార్చుకోవాలి. నేను పెట్టిన మొదటి వారం నాకు చక్కగా వినిపించింది, పిల్లలెవరికీ వినిపించలేదు. స్లైడు ఫైలు అందరికీ షేర్ చేశాను గానీ డ్రైవ్‌లో ఉన్న ఆడియో ఫైలుని షేర్ చేయలేదు. రెండిటికీ విడివిడిగా 'లింకు ఉన్నవాళ్లెవరైనా చూడొచ్చు' అని పెట్టాలి.

స్లైడు లింకు చివర 'ఎడిట్' అని ఉన్నచోట 'ప్రెజెంట్' అని మార్చి పంపితే పిల్లలకు మెనూలు లేకుండా నేరుగా గది తెరుచుకుంటుంది. ఫోన్‌తో తీసిన ఫొటోలు బరువుగా ఉంటే గది తెరుచుకోవడానికి చాలాసేపు పడుతుంది. నేను ఫొటోని వాట్సాప్‌లో నాకే పంపుకుని, అక్కడి నుంచి తీసి వాడతాను. సైజు బాగా తగ్గుతుంది, చూడటానికి తేడా తెలియదు.

పటం విప్పినట్టు

మాది చేర్యాల వైపు ఊరు. చిన్నప్పుడు పటం కథలు చెప్పేవాళ్లు వచ్చేవాళ్లు. ఎర్రటి రంగు మీద నకాషీ వాళ్లు గీసిన పొడుగాటి గుడ్డ పటం. దాన్ని వేలాడదీసి, కథ నడిచే కొద్దీ విప్పుతూ ఒక్కో బొమ్మని చూపించేవాళ్లు. ఇంకా విప్పని భాగంలో ఏముందో అని మేము నిద్ర ఆపుకునేవాళ్లం.

బతుకమ్మ నెలలో నా గోడకి అదే చేశాను. పొడుగాటి పోస్టర్‌ని అడ్డంగా నాలుగు గళ్లు చేసి, పైనుంచి కిందికి నాలుగు బొమ్మలు పెట్టాను. తంగేడు, గునుగు కోసుకు రావడం, తాంబాళంలో వరసలు పేర్చడం, చుట్టూ తిరిగి ఆడటం, చెరువులో వదలడం. కింది మూడు గళ్ల మీద ఎర్రటి దీర్ఘచతురస్రాలు కప్పాను. వారానికొకటి తీసేశాను. ప్రతి బొమ్మకు నాలుగే మాటలు, అవే ఆ వారం చదివే మాటలు. 'గునుగు' అనే మాటలో కొమ్ము మూడుసార్లు వస్తుందని కనిపెట్టింది మా తరగతిలో అందరికన్నా చిన్నది. అలా వారానికొక గడి తెరిచే పోస్టర్ ఆ నెల పిల్లల పనుల చోట ఉంచాను, గోడ మీద ఐదో పోస్టర్ పెట్టలేదు.

ఫొటోలు వీలైనంత వరకు సొంతంగా తీయండి. బయటివి కావాలంటే వికీమీడియా కామన్స్‌లో వెతకండి. ప్రతి బొమ్మ కింద ఎలా వాడుకోవచ్చో, తీసినవాళ్ల పేరు వేయాలో అక్కర్లేదో రాసి ఉంటుంది. పిల్లలు చేసినవి పెట్టేటప్పుడు వాళ్ల ఫొటోలు, ఇంటిపేర్లు, బడి పేరు పెట్టను. లింకు ఎవరి చేతికైనా వెళ్లొచ్చు. 'మా తరగతి చిన్నది' అంటే మాకందరికీ తెలుసు కదా.

గడియారాల పోస్టర్ సంగతి విదేశాల్లో పిల్లలున్నవాళ్ల కోసం చెబుతున్నాను. మా తరగతి డాలస్‌లో శనివారం పొద్దున 10 గంటలకు. వేసవిలో అది నాకు రాత్రి 8:30. నవంబరు మొదటి ఆదివారం వాళ్లు గడియారం ఒక గంట వెనక్కి తిప్పుకుంటారు, అప్పటినుంచి నాకు రాత్రి 9:30. మళ్లీ మార్చి రెండో ఆదివారం ముందుకు తిప్పితే 8:30. 'హనుమకొండ', 'డాలస్' అని రాసిన రెండు గడియారాలు పక్కపక్కన పెట్టాను. అంకెలతో పాటు ఊరి పేరు కూడా రోజూ చదువుతారు. 'హనుమకొండ' వాళ్లకు ఎవరూ నేర్పలేదు, గడియారం కింద చూసి చూసి వచ్చేసింది.

అదే వరండా ఫొటోని మీటింగులో నా వెనక గోడగా కూడా పెట్టుకుంటాను. దాని మీద అక్షరాలుంటే మీ స్క్రీన్‌లో తిరగబడి కనిపించొచ్చు. టెన్షన్ పడకండి, పిల్లలకు సరిగానే కనిపిస్తాయి.

తరగతికి ముందు రోజు ఇంట్లో ఇంకో ఫోన్ తీసుకుని, మీ ఖాతా కాకుండా వేరే ఖాతాతో పిల్లల లింకు తెరిచి చూడండి. చేయి చాచినంత దూరంలో పెట్టి చూస్తే గోడ మీది పోస్టర్‌లో అక్షరాలు తెలియాలి. తెలియకపోతే అక్షరం పెంచండి, మాటలు తగ్గించండి.

నెలాఖరున తీసిన పోస్టర్లను చెరిపేయకండి. నేల మీద ముగ్గు పక్కన ఒక పాత ట్రంకు పెట్టె బొమ్మ పెట్టాను. దాన్ని నొక్కితే ఇంతవరకు గోడ దిగిన పోస్టర్లన్నీ చిన్న చిన్నగా కనిపిస్తాయి, ఒక్కోదానికి లింకు ఉంది. పోయిన నెల కొత్తగా ఒక పాప చేరింది. రెండో తరగతి రోజు 'రథం' దగ్గర ఆగిపోయింది. నేను నోరు తెరిచేలోపే నా మనవరాలు అంది, "పెట్టె తెరువు, పై వరసలో రెండోది."